బీచ్ అంటే సముద్రం కాదు

ల్యాబులో కొత్తగా చేరిన పిల్లలు ఎవరైనా సలహా అడిగితే నేను రెండే రెండు సంగతులు చెబుతాను. స్లైడు మీద అర్థం కానిదేదైనా కనిపిస్తే ముందు రంగును తిట్టకండి. నిన్న నేర్చుకున్న కొత్త మాటను ఇవాళే రోగి తాలూకు మనుషుల మీద ప్రయోగించకండి. ముప్ఫై ఏళ్లు పైబడిన ఉద్యోగంలో ఈ రెండు తప్పులూ నేను చేశాను. అదీ ఒకే పిల్లాడి విషయంలో. ఆ పిల్లాడు ఇప్పుడు నిక్షేపంలా ఉన్నాడు కాబట్టి నవ్వుతూ రాస్తున్నాను. లేకపోతే ఈ కలం ముట్టుకునేదాన్ని కాదు.

రెండువేల పదుల్లో సంగతి. శ్రీకాకుళంలో ఒక ఆసుపత్రి రక్తపరీక్షల విభాగంలో నేను సీనియర్ టెక్నీషియన్‌ని. నాతోపాటు ఇంకో సీనియర్ ఉండేవాడు. నాకంటే నాలుగేళ్లు పెద్ద, వరి పండించుకునే కుటుంబం. నేను అన్నయ్య అనేదాన్ని, ఆయన సెల్లీ అనేవాడు. రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. ఆయన మిగిల్చిన మాటలన్నీ నేను వాడేసుకునేదాన్ని. గాజు పలక మీద రక్తాన్ని పలచగా పూశాక దాని మీద పోసే రంగు తయారుచేయడం ఆయన పని. పొడి తూచి, స్పిరిట్లో కలిపి, రోజుల తరబడి మాగబెట్టి, వడకట్టి సీసాలో పోసేవాడు. మా అమ్మ ఆవకాయ జాడీని కూడా అంత భక్తిగా చూసుకోలేదు.

ఒకరోజు పిల్లల వార్డు నుంచి మూడేళ్ల పిల్లాడి రక్తం వచ్చింది. నెలకోసారి జ్వరం, ఒంటి నిండా చీముగడ్డలు, తగిలితే చాలు కమిలిపోయే చర్మం అని చీటీలో రాసుంది. స్లైడు వేసి సూక్ష్మదర్శినిలో పెట్టాను. మామూలుగా తెల్లకణాల్లో బొంబాయి రవ్వ చల్లినట్టు సన్నటి రేణువులుంటాయి. ఇక్కడ రవ్వ లేదు. కణానికి నాలుగైదు చొప్పున పెద్ద పెద్ద ముద్దలున్నాయి. నా నోరు ఊరుకుంటుందా?

"అన్నయ్యా, రంగు వడకట్టినావా లేదా? అంతా మడ్డి మడ్డిగా ఉన్నాది సూడు" అన్నాను.

"వడకట్టినాను."

"మరి ఈ ముద్దలేటి?"

"నాకేటి తెలుసు. నా రంగులోవి మాత్రం కావు."

ఇంకోటి వేశాను. మూడోదీ వేశాను. అవే ముద్దలు. కోపం వచ్చి, 'రంగు బాగాలేదు, రేపు మళ్లీ రక్తం పంపండి' అని చీటీ రాసి వార్డుకి పంపించేశాను. ఆ చీటీ ఆయన కళ్లబడింది. సీసా మూత గట్టిగా బిగించి ఇంటికి వెళ్లిపోయాడు.

మర్నాడు నేను వచ్చేసరికి ఆయన అప్పటికే కూర్చుని ఉన్నాడు. తన వేలు తనే గుచ్చుకుని, తన రక్తంతో ఒక స్లైడు, పిల్లాడి రక్తంతో ఒక స్లైడు, రెండూ ఒకే సీసాలోంచి రంగు పోసి పక్కపక్కన ఆరబెట్టాడు.

"ముందు నాది సూడు. తరవాత ఆ గుంటడిది సూడు. ఆడలేకపోతన్నావో, మద్దెల ఓడో నీకే తెలస్తాది" అన్నాడు. నెల రోజుల మాటలు ఒక్కసారే ఖర్చుపెట్టేశాడు.

ఆయన స్లైడు అద్దంలా ఉంది. పిల్లాడిది మళ్లీ ముద్దలే. అప్పుడు బుర్ర పనిచేసింది. రంగులో మడ్డి ఉంటే కణం లోపలా పడుతుంది, బయటా పడుతుంది. ఈ ముద్దలు ఒక్కటి కూడా కణం బయట లేవు. మొదటి సంవత్సరం పిల్లలకి నేనే నేర్పే పాఠం ఇది. క్షమించమని అడగడం నాకు చేతకాదు కాబట్టి "టీ తాగుదుమా?" అన్నాను. ఆయన లేచాడు. మా మధ్య క్షమాపణలు అలాగే జరిగేవి.

స్లైడు పట్టుకుని మా డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. గుంటూరు వైపు నుంచి కొత్తగా వచ్చిన పాథాలజిస్టు, మా అమ్మాయి వయసు. కళ్లు పెట్టి చూసి, తల ఎత్తకుండానే, "ఈ బాబు జుట్టు ఏ రంగులో ఉందండీ?" అంది. రక్తం చూసి జుట్టు అడగడం నేనెప్పుడూ వినలేదు. ఇద్దరం వార్డుకి వెళ్లాం.

పిల్లాడికి నున్నటి గుండు! అంతకు ముందే మొక్కు తీర్చుకుని జుట్టిచ్చేశారట. కనుబొమలు మాత్రం కారునలుపు. డాక్టరమ్మ దూది తడిపి ఒక కనుబొమ తుడిచింది. కాటుక వచ్చేసి, కింద వెండి తీగల్లాంటి వెంట్రుకలు బయటపడ్డాయి. నాయనమ్మ ఘొల్లుమంది.

"వీధిలో గుంటలందరూ ముసిలోడా, ముసిలోడా అంతన్నారమ్మా. అందుకే కాటుక ఎడతన్నాను. అది తప్పేటి?"

"తప్పేం కాదమ్మా. మీ కాటుక కింద ఉన్నదే మాకు కావాలి" అంది డాక్టరమ్మ.

వాళ్లది కళింగపట్నం. తండ్రి సముద్రం మీద వేటకి వెళ్తాడు. భార్య సొంత మేనత్త కూతురు. పిల్లాడి మీద ఏడేళ్ల అక్క ఉంది, దానికి తుమ్ము కూడా రాదు. నోరు తిరగని ఇద్దరు వైద్యుల పేర్లతో పిలిచే అరుదైన జబ్బు అని డాక్టరమ్మ అనుమానం. రూఢి చేసుకోవడానికి రక్తం తమిళనాడులోని ఒక పెద్ద ఆసుపత్రికి పంపింది. అక్కదీ పంపింది, ఎందుకంటే ఈ జబ్బుకి మందు మరొకరి ఎముకల్లోని మూలుగే.

రిపోర్టు వచ్చిన రోజు డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పింది. నిజం చెప్పొద్దూ, ఆ వయసులో కొత్త పాఠం వినడం నాకు పండగలా ఉండేది. మన తెల్లకణాల్లో క్రిముల్ని చంపే మందు చిన్న చిన్న సంచుల్లో ఉంటుందట. ఆ సంచులు మితిమీరి పెరగకుండా, వేళకి కణం అంచుకి చేరేలా చూసే ప్రొటీను ఒకటుందట. దాదాపు మూడువేల ఎనిమిది వందల అమైనో ఆమ్లాల పొడుగైన గొలుసు. అంత పొడుగుది కాబట్టి దాని పూర్తి ఆకారం అప్పటికి ఎవరూ చూడలేదు, ముక్కల్ని బట్టి ఊహించుకోవడమే. గొలుసు చివర ఏడు రెక్కల చక్రం లాంటి మడత, దానికి ముందు ఇంకో మడత. ఆ రెండో మడత పేరు బీచ్. ఇదే జబ్బున్న ఎలుకల రంగు పేరులోంచి కొన్ని అక్షరాలు, జబ్బు పేరులోంచి కొన్ని అక్షరాలు ఏరి కుట్టిన పేరు. మా పిల్లాడికి లోపం సరిగ్గా ఆ బీచ్‌లో ఉంది. ఆ ప్రొటీను పనిచేయక సంచులన్నీ ఒకదాంతో ఒకటి కలిసిపోయి, నేను మడ్డి అని తిట్టిన ముద్దలయ్యాయి. జుట్టు రంగు సంచులదీ అదే గతి, అందుకే ఆ వెండి.

అక్క మూలుగ తమ్ముడికి సరిపోయింది. "ఆ ఆసుపత్రిలో మంచం ఖాళీ అవగానే కబురు చేస్తారు. ఈలోగా జ్వరం ఒక్కసారి ముదిరితే మూలుగ మార్పిడి దాకా వెళ్లడం కష్టమండీ. ఈ ముక్క బాబు తండ్రికి మీరు చెప్పండి, మీ భాషలో అయితే బాగా అర్థమవుతుంది" అంది డాక్టరమ్మ. చెప్పాల్సింది అంతే. రిపోర్టు వచ్చింది, కబురు రాగానే బయల్దేరండి అని.

నేను అంతటితో ఆగే మనిషినా? పొద్దున నేర్చుకున్న పాఠం కడుపులో కదులుతోంది. తండ్రిని కూర్చోబెట్టి గంభీరంగా మొదలుపెట్టాను.

"చూడు బాబూ, మీవాడి జబ్బు ఎక్కడుందో తెలిసిపోయింది. తేడా అంతా బీచ్‌లో ఉన్నాది."

"బీచిలోనా?"

"బీచ్‌లోనే. దానివల్లే జొరాలు, దానివల్లే తెల్లజుట్టు."

అతను తల ఊపాడు. "నిజమేనమ్మా. ఇసకలోకి తీసుకెల్తే ఆడికి కల్లు తెరుసుకోవు. నానే కనిపెట్టలేకపోనాను" అన్నాడు. ఆ జబ్బున్న పిల్లలకి ఎండ పడదు. ఎండలో ఇసక మెరిస్తే కళ్లు చికిలిస్తారు. అదే చెబుతున్నాడనుకున్నాను, ఎంత తెలివైన తండ్రి అని మెచ్చుకున్నాను కూడా. తోటి వేటగాడి ఫోను నంబరు మాకిచ్చి, దండం పెట్టి వెళ్లిపోయాడు.

మూడు వారాల తర్వాత ఒక ఆదివారం. మాది మిషను కాలం నుంచి బాప్టిస్టు కుటుంబం. నేను చర్చిలో తెల్లచీర కట్టుకుని మూడో వరసలో కూర్చుని ఉన్నాను. ప్రసంగం సగంలో ఉండగా ఫోను సంచిలో గిజగిజలాడింది. డాక్టరమ్మ. బయటికొచ్చి ఎత్తాను.

"మంచం దొరికిందండీ! మంగళవారం పొద్దున్నకల్లా అక్కడుండాలి. తప్పితే మళ్లీ ఎన్ని నెలలో చెప్పలేమన్నారు. ఇవాళ మధ్యాహ్నం మూడింటికి శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో రైలు. అత్యవసర కోటాలో సీట్లు అడుగుతున్నా. కానీ బాబు తండ్రి ఇచ్చిన ఫోను పలకడం లేదు."

ఎందుకు పలుకుతుంది? ఫోను యజమాని వేటకెళ్లాడు, నడిసముద్రంలో ఉన్నాడు. అన్నయ్యకి ఫోను చేశాను. పావుగంటలో పాత స్కూటరు మీద వచ్చాడు. చర్చి మెట్ల దగ్గరే ఎక్కాను. మా పాస్టరుగారు కనిపించినప్పుడల్లా "సువార్త మధ్యలో స్కూటరెక్కిన మనిషి" అని ఇప్పటికీ ఏడిపిస్తారు.

కళింగపట్నంలో నాయనమ్మ ఎండబెట్టిన చేపల మీద కాకుల్ని తోలుతోంది. నన్ను చూసి మొహం వెలిగిపోయింది.

"ఓలమ్మా, తవరే వచ్చీసినారేటి! ఆలు ఇక్కడెందుకుంతారమ్మా? బీచిలో తేడా ఉన్నాదని మీరే కదేటి సెప్పినారు? ఆ మర్నాడే గుంటణ్ణి తీసుకొని ఆమదాలవలస ఎల్లిపోనారు. మా కోడలి సెల్లెలు ఇంటికాడ ఉన్నారు. మంచి మాట సెప్పినావు తల్లీ, సల్లగుండు."

ఆమె నన్ను తిట్టినా బాగుండేది. ఆ దీవెన వింటుంటే నాకు నిలబడ్డ చోటే భూమిలోకి దిగిపోవాలనిపించింది. ఎదురుగా సముద్రం తన మానాన తాను ఉంది, ఏ పాపం ఎరగదు. నోటి దురద నాది, నింద దానికి పడింది.

తిరుగు దారిలో సగం దూరం వచ్చాక అన్నయ్య తల కాస్త వెనక్కి తిప్పాడు. మెల్లగా అన్నాడు.

"సెల్లీ, ఈసారి తప్పు నా రంగుది మాత్రం కాదు."

ఏడుపు రావాల్సిన చోట నవ్వొచ్చేసింది.

ఆమదాలవలస చేరేసరికి పన్నెండు దాటింది. మరదలింట్లో తల్లి, పిల్లలు ఉన్నారు. తండ్రి రైసుమిల్లులో బస్తాలు మోస్తున్నాడన్నారు. అందరినీ వెంటబెట్టుకుని మిల్లుకి వెళ్లాం. అతను నెత్తిన గోనెగుడ్డ తీసి, నవ్వుతూ ఎదురొచ్చాడు.

"సూడమ్మా, బీచి వొదిలీసినకాణ్నించి ఆడికి జొరం నేదు! నానూ వేట మానీసినాను. మా తాత తండ్రుల్లో ఎవడూ బస్తా మొయ్యలేదమ్మా. గుంటడి కోసం సముద్రాన్నే వొదిలీసినాను."

ఆ మాట నాకు ఎక్కడో తగిలింది. నేను ఒక్క పదం గొప్పకి పలికితే ఇతను బతుకే మార్చేసుకున్నాడు. ఇంక దాచి ప్రయోజనం లేదు.

"తప్పు నాది నాయనా. బీచ్ అంటే సముద్రం కాదు. ఒంట్లో ఒక చిన్న ముక్కకి పెట్టిన పేరది. నీకు అర్థమయ్యేటట్టు సెప్పలేకపోనాను. మంచం దొరికింది, ఇవాళే రైలెక్కాలి" అన్నాను.

అతని మొహంలో నవ్వు పోయింది. "మరి జొరం ఎలగ తగ్గినాది?"

"ఇంతకు ముందు మాత్రం తగ్గి మళ్లీ రాలేదేటి?"

"అప్పుడో మాట, ఇప్పుడో మాట. దేన్ని నమ్మమంతారమ్మా? కల్లెదురుగా ఆడు బాగున్నాడు. బాగున్నోణ్ణి తీసుకెల్లి, ఆడి అప్పని కూడా సూదులతో పొడిపిస్తానేటి? మాం రాం."

అతన్నేమీ అనడానికి లేదు. నా మాట మీద నమ్మకం నేనే పోగొట్టుకున్నాను. రైలుకి రెండు గంటలుంది. ఇరవై ఏళ్లుగా గలగలా మాట్లాడిన నా నోరు ఆ మిల్లు గుమ్మంలో పడిపోయింది.

అప్పుడు మా మౌనముని ముందుకొచ్చాడు. గోడకి గుచ్చి ఉన్న దబ్బనం, పురికొస తీసుకుని, నిండు బస్తాలు నాలుగు దగ్గరకి జరిపించి, వాటి అంచులు కలిపి కుట్టడం మొదలుపెట్టాడు. రైతు బిడ్డ కదా, చెయ్యి చకచకా ఆడింది. బస్తాలు మోసే కళాసీలందరూ చుట్టూ చేరారు.

"ఏటి సేస్తన్నావు బావూ?" అన్నాడు తండ్రి.

"ఇప్పుడు ఇది ఎత్తు. గుమ్మం దాటించు."

తండ్రీ, ఇంకో ముగ్గురూ పట్టుకుని లాగారు. ఆ మూట గుమ్మానికి అడ్డంగా పడి కదలనంది. వెనక నుంచి ఒక్క బస్తా బయటికి పోయే దారి లేదు.

"ఎల్లదు బావూ. కలిపి కుట్టీసినాక ఎలాగెల్తాది?"

"నీ గుంటడి నెత్తుర్లో అదే జరగతన్నాది. క్రిముల్ని సంపీ మందు ఉన్నాది, బస్తాల్నిండా ఉన్నాది. దేని మూట దానికి ఉంచి, గుమ్మం దాటించీ మేస్త్రీ ఒకడుంతాడు. మీవోడికి ఆ మేస్త్రీ నేడు. బస్తాలన్నీ ఒకదానికొకటి అంటుకుపోనాయి. ఇవాల జొరం నేదు, ఎందుకంతే ఇవాల దొంగ రాలేదు. రేపొస్తే? మందంతా లోపలే ఉండిపోద్ది."

తండ్రి ఆ మూటకేసి చూశాడు. తర్వాత తల్లి చంకలో ఉన్న పిల్లాణ్ణి చూశాడు. గుండు మీద అప్పుడే వెండి మొలకలు వస్తున్నాయి.

"ఆ మేస్త్రీని ఎక్కణ్నించి తెస్తాం బావూ?"

"తేవక్కర్లేదు. నీ కూతురి ఒంట్లో ఉన్నాడు."

అక్కేమో తండ్రి పంచె పట్టుకుని నిలబడి ఉంది. "నాకాడుంతే ఇచ్చీద్దాం నాయినా. ఆడికి ఇచ్చీద్దాం" అంది. అతను గోనెగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు. అప్పుడే మిల్లు యజమాని వచ్చి "నా బస్తాలు కుట్టీసిన ఎదవ ఎవడ్రా?" అని కేకలేశాడు. అన్నయ్య చెయ్యెత్తి, దబ్బనం అతనికే అందించాడు.

శ్రీకాకుళం రోడ్డు స్టేషను ఉన్నది ఆమదాలవలసలోనే, మిల్లుకి కూతవేటు దూరం. సముద్రానికి భయపడి వాళ్లు పారిపోయింది రైలెక్కాల్సిన ఊరికే కావడం మా అదృష్టం. డాక్టరమ్మ కాగితాలన్నీ సంచిలో పెట్టుకుని అప్పటికే ప్లాట్‌ఫాం మీద అటూ ఇటూ తిరుగుతోంది. మూడింటి రైలు మూడుంపావుకి వచ్చింది. ఎక్కించాం.

ఆ తర్వాత కొన్ని నెలలు వాళ్లు అక్కడే ఉన్నారు. నేనిక్కడ ఫోను మోగితే ఉలిక్కిపడేదాన్ని. ఎలా ఉన్నాడని రోజూ డాక్టరమ్మని అడిగి విసిగించేదాన్ని. మధ్యలో రెండు వారాలు కష్టంగా గడిచాయి. ఆ రెండు వారాలూ నేను ఎవరి మీదా అరవలేదట. అన్నయ్య భయపడి, ఒంట్లో బాగుందా అని అడిగాడు.

రెండేళ్లు గడిచాక అక్కా తమ్ముళ్లని తీసుకుని తండ్రి మా ఆసుపత్రికి వచ్చాడు. మళ్లీ వేటకి వెళ్తున్నాడు, ఎండకి నల్లబడి ఉన్నాడు. పిల్లాడి జుట్టు భుజాల దాకా పెరిగింది, వెండి రంగులోనే. మూలుగ మారితే రక్తం మారుతుంది గానీ జుట్టు మారదు. "నాయనమ్మ కాటుక ఏది?" అంటే, "నానే వొద్దన్నాను. మా వీధిలో ఇంకెవుడికీ ఇలాటి జుత్తు నేదు" అన్నాడు బడాయిగా.

వేలు గుచ్చి స్లైడు వేశాను. రంగు అన్నయ్య పోశాడు. కళ్లు పెట్టి చూశాను. సన్నటి రవ్వ, ప్రతి కణంలోనూ. ముద్ద ఒక్కటీ లేదు. స్లైడు జరుపుతూ పోతుంటే ఇంకోటి కనిపించింది. ఆడవాళ్ల తెల్లకణాల్లో వందలో రెండింటికో మూడింటికో లోపలి కేంద్రానికి అగ్గిపుల్ల తలలాంటి చిన్న బుడిపె ఉంటుంది. మగవాళ్లలో అది ఉండదు. మా పుస్తకాల్లో దాన్ని డ్రమ్‌స్టిక్ అంటారు. ఈసారి ఆ మాట నోట్లోంచి రానివ్వలేదు, మునక్కాడలు మానేస్తారేమోనని. ఆ బుడిపె ఈ పిల్లాడి రక్తంలో కనిపిస్తోంది.

అక్కని పిలిచి స్టూలెక్కించి, కన్ను ఎక్కడ పెట్టాలో చూపించాను. "నెత్తుటి సుక్క మీ తమ్ముడిది. కానీ ఆ ఊదారంగు కణం ఉన్నాది సూడు, సిన్న బుడిపెతోటి, అది నీది. ఆడి ఒంట్లో కాపలా కాస్తన్నాది నువ్వేనే."

అది చాలాసేపు చూసింది. తర్వాత నావైపు తిరిగి, తమ్ముడికి వినబడకుండా గొంతు తగ్గించింది.

"మేడమ్మా, నాను ఆడి లోపల అల్లరేటీ సెయ్యట్లేదు కదా?"

ఇచ్చినవాళ్ల కణాలు పుచ్చుకున్నవాళ్ల ఒంటి మీద తిరగబడతాయేమోనని పెద్ద పెద్ద డాక్టర్లు నెలల తరబడి భయపడే సంగతి అది. ఆ ప్రశ్న అడగడానికి దానికి కొత్త మాటలేవీ అవసరం పడలేదు. అన్నయ్య కిటికీవైపు తిరిగి సీసా మూత బిగిస్తున్నాడు, అదివరకే బిగించిన మూతని.

"లేదే తల్లీ, బుద్ధిగా ఉన్నావు" అన్నాను.